ఇంజన్ డాక్టరుగారి చెవి

ఆ వీధిలో అందరూ అతన్ని డాక్టరు అనే పిలుస్తారు. చదివింది తొమ్మిదో తరగతి, అదీ రెండేళ్లు. అయినా ఆ పిలుపుకి అతను ఏనాడూ సిగ్గుపడలేదు సరికదా, ఎవరైనా పొరపాటున "మెకానిక్‌గారూ" అంటే ముఖం మాడ్చుకుంటాడు. నీళ్ల మోటార్లు, మందు కొట్టే స్ప్రేయర్లు, జనరేటర్లు, గడ్డి కోసే మిషన్లు, పెట్రోలు తాగి పొగ వదిలే చిన్న ఇంజను ఏదైనా సరే, జబ్బు చేస్తే అతని షెడ్డు గుమ్మం తొక్కాల్సిందే.

రోగం కనిపెట్టడానికి అతనికో తంతు ఉంది. ఇంజను నడుస్తుండగా మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొన దాని ఒంటికి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని కళ్లు మూసుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఊపిరి బిగబట్టాలి. ఎవరైనా దగ్గితే కసురుతాడు. కాసేపటికి కళ్లు తెరిచి, "రింగులు అరిగాయి" అనో, "వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు" అనో తీర్పు చెప్పేస్తాడు. విప్పి చూస్తే అదే. ఒకటా రెండా, ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఇదే వరస. పక్క ఊళ్లవాళ్లు కూడా తమ మెకానిక్కుల్ని కాదని ఇంజన్లు మోసుకొచ్చేది ఆ చెవి కోసమే. ఆ గొప్ప అతని నెత్తికెక్కిందా అని అడుగుతారేమో, ఎక్కడమేమిటి, అక్కడే కాపురం పెట్టింది.

ఇక అసలు సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, చివరిదాకా దాచిపెట్టి ఊరించడం నాకు చేతకాదు. డాక్టరుకి చెవులు పోయాయి.

పూర్తిగా కాదు. దడదడలు, గుభగుభలు బాగానే వినబడతాయి. సన్నటి శబ్దాలే పోయాయి. సైలెన్సర్లు ఊడదీసిన ఇంజన్ల పక్కన ముప్ఫై ఎనిమిదేళ్లు చెవులప్పగించి కూర్చుంటే పోక ఏమవుతాయి? ముందు పిచ్చుకలు పోయాయి. తరవాత కుక్కరు కూత పోయింది. ఆ పైన ఆడవాళ్ల మాటల్లో, పిల్లల మాటల్లో సగం అక్షరాలు పోయాయి. ఇదంతా రెండేళ్ల నుంచి. ఆసుపత్రికి వెళ్దామంటే అక్కడ బెంచీ మీద తనని ఎవరైనా చూస్తారని భయం. డాక్టరుకి చెవుడట అన్న మాట ఒక్కసారి వీధిలో పడిందా, ఇక షెడ్డుకి తాళమే. ఆ చెవి మీదే కదా బతుకంతా నడిచింది! అందుకని కట్టుకున్నదానికి కూడా చెప్పలేదు.

దాచడంలో మాత్రం మహా గడుసువాడు. మాట్లాడేవాళ్ల పెదాలు చూస్తాడు. ఫోను వస్తే చేతికి గ్రీజు ఉందని వంక పెట్టి స్పీకరు ఆన్ చేయిస్తాడు. అర్థం కానిచోట "ఊఁ, అలాగే" అంటాడు. ఆ రెండు మాటలూ అతకని ప్రశ్న లోకంలో లేదని అతని అనుభవం. స్క్రూడ్రైవరు తంతు కూడా మానలేదు. కళ్లు మూసుకుని నాటకం ఆడుతూనే, రెండో అరచెయ్యి ఇంజను మీద వేసి ఆ అదురుని బట్టి, పొగ రంగుని బట్టి, ప్లగ్గు కొసన మసిని బట్టి రోగం పట్టేస్తాడు. పదింట తొమ్మిదిసార్లు దొరుకుతుంది. ఆ పదోదాన్ని మోసుకొచ్చినవాడు బామ్మర్ది.

బామ్మర్ది అంటే డాక్టరు భార్యకి స్వయానా తమ్ముడు. ఒక స్కూల్లో గ్రౌండు చూసుకుంటాడు. గడ్డి కోస్తాడు, నీళ్లు పెడతాడు, ఆటలకి సున్నంతో గీతలు గీస్తాడు. మనిషికి నోరెక్కువ, బావ దగ్గర మరీ ఎక్కువ. పాతికేళ్ల నుంచీ ఆ ఇద్దరూ ఒక్కసారైనా మర్యాదగా మాట్లాడుకున్న పాపాన పోలేదు.

స్కూలువాళ్ల గడ్డి మిషను పాతది. తాడు లాగి స్టార్ట్ చేసి, వెనక పట్టుకుని తోసుకుంటూ పోవాలి. నెల కిందట డాక్టరు దగ్గర సర్వీసు చేయించుకుని, మూతకి ఎర్రరంగు కూడా వేయించుకుని వెళ్లింది. అదో ముద్రలెండి. షెడ్డులోంచి బయటికి వెళ్లే ప్రతి మిషనుకీ పెట్రోలు ట్యాంకు మూత ఎర్రగా మెరవాలి. చూడగానే ఇది డాక్టరు చెయ్యి పడ్డ మిషను అని లోకానికి తెలియాలి. ఆ రంగు వేసేటప్పుడు అతని ముఖం చూడాలి, తాంబూలం నములుతున్న జమీందారులా ఉంటాడు.

వారం తిరక్కుండా బామ్మర్ది ఆ మిషన్ని బండిలో వేసుకుని దిగాడు.

"బావా, నీ వైద్యానికో దండం. పావుగంట నడుస్తుంది, ఛస్తుంది. మూత తీసి పెట్రోలు ఉందో లేదో చూసుకుని, నిన్ను నాలుగు తిట్టి, మళ్లీ తాడు లాగితే నడుస్తుంది. పావుగంట కాగానే మళ్లీ ఛస్తుంది."

"నిన్ను పావుగంట భరిస్తోందంటే మంచి మిషనేరా" అన్నాడు డాక్టరు.

మూత తీసి బల్ల మీద పెట్టాడు. ట్యాంకులో ఒక గీత దాకా పెట్రోలు పోసి, తాడు లాగాడు. పరీక్ష అయ్యేదాకా మూత బల్ల మీదే ఉండడం ఆ షెడ్డు పద్ధతి. ఇంజను పెట్రోలు ఏ లెక్కన తాగుతోందో కంటితో చూడాలంటాడు. స్క్రూడ్రైవరు చెవికి పెట్టాడు, కళ్లు మూశాడు. మిషను అరగంటసేపు నల్లేరు మీద బండిలా నడిచింది. ప్లగ్గు మార్చి, మూత బిగించి, "తీసుకుపో" అన్నాడు.

నాలుగోరోజున మళ్లీ వచ్చింది. ఈసారి కార్బొరేటర్ విప్పి, సందుసందూ కడిగి, ఎండబెట్టి బిగించాడు. మూత బల్ల మీద, స్క్రూడ్రైవరు చెవి మీద. అరగంట ఆగకుండా నడిచింది. ఆ తరవాతి వారం మూడోసారి. ఎయిర్ ఫిల్టరు మార్చాడు, పెట్రోలు పైపు మార్చాడు. మళ్లీ అరగంట, మళ్లీ అదే తీరు. షెడ్డులో బంగారంలా నడుస్తుంది, గ్రౌండులోకి వెళ్లగానే కొండెక్కి కూర్చుంటుంది.

అలా మూడోసారీ నడిచేసరికి డాక్టరుకి ఒళ్లు మండింది. ఒళ్లు మండిన మనిషి తన తప్పు వెతుక్కోడు కదా, ఎదుటివాడిదే వెతుకుతాడు.

"రోగం మిషనుకి కాదురా, నీకు. ఎప్పటిదో పాత పెట్రోలు పోస్తున్నావ్."

"నేనా? నిన్న పట్టించిన పెట్రోలు బావా!"

"మరి నా దగ్గరెందుకు నడుస్తోంది?"

పాపం బామ్మర్ది మిషన్ని తోసుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు స్కూలు ప్రిన్సిపాల్ ఫోను చేసింది. డాక్టరు భార్య షెడ్డులోనే ముందు గదిలో కూర్చుని బెల్టులూ ప్లగ్గులూ అమ్ముతుంది. ఆవిడే ఫోను తెచ్చి, స్పీకరు ఆన్ చేసి పట్టుకుంది. ప్రిన్సిపాల్ గొంతు సన్నం. డాక్టరుకి అందులోంచి మిషను అన్నది అందింది, పెట్రోలు అన్నది అందింది, తక్కినదంతా ఊహ.

"మిషన్‌లో ఏ లోపమూ లేదండీ" అన్నాడు ధీమాగా. "నడిపే మనిషి చూసుకోవాలి. పాత పెట్రోలు పోస్తే ఏ ఇంజనైనా అంతే."

ఆవిడ ఇంకేదో అడిగింది.

"ఊఁ, అలాగే" అన్నాడు డాక్టరు.

ఫోను పెట్టేశాక చూస్తే భార్య కళ్లెర్రజేసి నిలబడి ఉంది. ఈసారి ఆవిడ అరిచింది కాబట్టి ప్రతి అక్షరమూ అందింది.

"మా తమ్ముణ్ణి గ్రౌండు పనిలోంచి తీసేసి సోమవారం నుంచి గేటు దగ్గర కూర్చోబెడతామంటే, అలాగే అంటారా?"

ప్రిన్సిపాల్ ఆ మాట అన్నట్టే డాక్టరుకి తెలియదు. తెలియదని ఎలా చెప్తాడు? ఎందుకు తెలియలేదంటే ఏమంటాడు? నోటికి ఒక జవాబు వచ్చింది, రాకపోయినా బాగుండేది.

"అన్నాను. అయితే ఏం? తప్పు చేసినవాడు అనుభవించాలి."

ఆవిడ అతన్ని ఎగాదిగా చూసి, ముందు గదిలోకి వెళ్లిపోయింది. డాక్టరు పానా తీసుకుని, బిగించిన నట్టునే మళ్లీ బిగించాడు.

గురువారం మధ్యాహ్నం బామ్మర్ది ఊడిపడ్డాడు. మిషను లేకుండా, ఒక్కడే. ముఖం కందగడ్డలా ఉంది.

"లే బావా. షెడ్డులో కూర్చుని నా కొంప ముంచింది చాలు. గ్రౌండుకి వచ్చి నీ కళ్లతో చూడు."

"నాకు పనుంది."

"నాకు సోమవారం నుంచి ఉండదు. లే!"

వెళ్లక తప్పలేదు. గ్రౌండు చూడగానే డాక్టరుకి ఒక సంగతి అర్థమైంది. సగం మైదానం మిషనుతో కోసిన నునుపు. మిగతాది కాస్త ఎగుడుదిగుడుగా ఉంది. మిషను మొరాయించినప్పుడల్లా బామ్మర్ది మోకాళ్ల మీద కూర్చుని పెద్ద కత్తెరతో కోశాడు. శనివారం పిల్లల పరుగుపందేలు ఉన్నాయి మరి. వాడి అరచేతుల్లో బొబ్బలు చితికి ఉన్నాయి. అంత నోరున్న మనిషి, ఆ బొబ్బల మాట మాత్రం ఎత్తలేదు.

బామ్మర్ది తాడు లాగాడు. మిషను బుద్ధిగా బయల్దేరింది. ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లింది, వచ్చింది, మళ్లీ వెళ్లింది. నాలుగో సాలు మధ్యలో గొంతు పట్టేసినట్టు రెండుసార్లు ఎగిరి చచ్చిపోయింది.

"చూశావా? పెట్రోలు నిండా ఉంది, ఇదిగో" అని మూత తీసి చూపించాడు బామ్మర్ది. మూత పెట్టి తాడు లాగాడు. ఒక్క లాగుకే నడిచింది. మళ్లీ నాలుగు సాళ్లు, మళ్లీ చావు.

బామ్మర్ది చెయ్యి మూత మీదికి పోతుంటే డాక్టరు పట్టుకున్నాడు.

"తియ్యకు. ఊరికే తాడు లాగు."

లాగాడు. పదిసార్లు లాగాడు. భుజం పట్టేసింది గానీ మిషను కిక్కురుమనలేదు.

"ఇప్పుడు మూత తీసి పెట్టి లాగు."

మొదటి లాగుకే నడిచింది. డాక్టరే వెళ్లి ఇంజను ఆపేశాడు.

"ఒరేయ్, మూత తీసినప్పుడు ఏమవుతోందిరా?"

"ఏమవుతుంది? బుస్సుమంటుంది."

"బుస్సుమంటుందా?"

"బుస్సు! పాము బుసకొట్టినట్టు. మొదట్నుంచీ అంతే. ఆగిపోయినదాన్ని ఆగిపోయినట్టే నీ షెడ్డుకి తెచ్చాను కదా, అక్కడ నువ్వు మూత తీసినప్పుడు కూడా అంది. మూడుసార్లూ అంది."

"మరి చెప్పి చావవేంరా!"

బామ్మర్ది నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నీకు నేను చెప్పేదేంటి బావా? మూత మీద వంగి ఉన్నావ్, నీ చెవి జానెడు దూరంలో ఉంది. నాలాంటివాడికే వినబడితే నీకు వినబడదా? విని కూడా నువ్వేమీ అనలేదు కాబట్టి, అది మామూలే కాబోలు అనుకున్నా."

డాక్టరు మూత తీసుకుని ఎండకి ఎత్తి పట్టుకున్నాడు. ట్యాంకులో పెట్రోలు తగ్గుతుంటే ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి, లేకపోతే పెట్రోలు కిందికి దిగదు, ఇంజను గొంతెండి చస్తుంది. ఆ గాలి కోసమే మూతకి సూదిమొనంత రంధ్రం ఒకటి ఉంటుంది. ఆ రంధ్రం నిండా ఎర్రరంగు గడ్డకట్టి ఉంది. అతని రంగు, అతని కుంచె, అతని గొప్ప. వెనకటికి రంగు ఆరాక మూతలోకి ఊది, ఆ రంధ్రంలోంచి సన్నగా ఈల వస్తే గానీ బిగించేవాడు కాదు. రెండేళ్లుగా ఊదుతూనే ఉన్నాడు. ఈల ఎలాగూ వినబడదు కనక, వచ్చిందనే అనుకుంటున్నాడు.

ఇంతలో ప్రిన్సిపాల్ వరండా మెట్లు దిగి అటే వస్తోంది. డాక్టరు చొక్కా జేబులో సన్నటి ఇనప తీగ ముక్క ఉంది. దాంతో ఒక్క పోటు పొడిచి, కార్బొరేటర్‌లో నలుసు అడ్డం పడిందండీ, తీసేశాను అంటే అయిపోతుంది. మిషను నడుస్తుంది, పరువు నిలబడుతుంది. పాత పెట్రోలు వల్లే నలుసు వచ్చిందనుకుని ఆవిడ వీణ్ణి గేటు దగ్గర కూర్చోబెడుతుంది. నిజం చెప్తున్నాను, ఆ పెద్దమనిషి చెయ్యి జేబు దాకా వెళ్లింది. అక్కడే ఆగింది. బామ్మర్ది గడ్డిలో కూర్చుని, చితికిన అరచేతుల మీద ఊదుకుంటున్నాడు.

"తప్పు నాదండీ" అన్నాడు డాక్టరు, ఆవిడ దగ్గరికి రాగానే. మూత చూపించాడు, రంధ్రం చూపించాడు, రంగు సంగతి చెప్పాడు. "పెట్రోలు మంచిదే. వీడు చేసిందేమీ లేదు."

ప్రిన్సిపాల్ ఆ మూతని చూసింది. ఈసారి ఆవిడ ఎదురుగా ఉంది కాబట్టి పెదాలు తెలిశాయి. "మూడుసార్లు మీ దగ్గరికి వచ్చింది కదా. ఆ శబ్దం మీకు వినబడలేదా?"

"లేదండీ."

"అదేమిటి? మీరు..."

"నాకు చెవుడండీ!"

చెవిటివాడికి తన గొంతు ఎంత పెద్దదో తెలియదు కదా, ఆ మాట గ్రౌండంతా దద్దరిల్లేలా వచ్చింది. అవతల పరుగు ప్రాక్టీసు చేస్తున్న పిల్లలు కూడా ఆగిపోయి ఇటు చూశారు. బామ్మర్ది నోరెళ్లబెట్టాడు. పాతికేళ్లలో మొదటిసారి వాడికి వెటకారం దొరకలేదు. ప్రిన్సిపాల్ బామ్మర్ది వైపు తిరిగి, "శనివారానికి అయిపోతుందా?" అని అడిగి, అయిపోతుందంటే తల ఊపి వెళ్లిపోయింది.

డాక్టరు తీగతో రంధ్రం పొడిచాడు. మిషను గంటన్నర ఆగకుండా నడిచింది.

దారిలో బండి వెనక కూర్చున్న బామ్మర్దికి నోరు తిరిగొచ్చింది. "బావా, ఇప్పుడు వినబడుతోందా?" అని చెవి దగ్గర అరిచాడు. వినబడుతోందంటే, "అయితే పాతికేళ్ల బాకీ తిట్లు ఇప్పుడు తిడతా, విను" అన్నాడు. తిట్టాడు కూడా. కానీ భుజం మీద వేసిన చెయ్యి మాత్రం తియ్యలేదు. డాక్టరు మనసంతా షెడ్డు మీదే ఉంది. రేపటి నుంచి ఎవడొస్తాడు? వచ్చినా ఆ స్క్రూడ్రైవరు చూసి నవ్వడూ?

బామ్మర్ది నోట ఏదైనా ఆగితే కదా! షెడ్డులో అడుగు పెడుతూనే, "అక్కా, బావకి వినబడదటే! మన డాక్టరుకి! మిషను రోగం కాదు, ఈయన రోగం!" అని కేకేశాడు.

ఆవిడ వాషర్లు ఏరుతోంది. చేతులు ఆగిపోయాయి. భర్త వైపు తిరిగి, "ఎప్పట్నుంచి?" అంది.

డాక్టరు రెండు వేళ్లు చూపించాడు. "రెండేళ్లు. సన్నగా మాట్లాడితే అస్సలు అందదు. వెనక నుంచి మాట్లాడితే మరీను." తిట్లకి సిద్ధపడి తల వంచుకున్నాడు.

తిట్లు రాలేదు. తలెత్తి చూస్తే ఆవిడ స్టూలు మీద కూలబడి ఉంది.

"అయితే పోయినేడు వానాకాలంలో కూడా వినబడేది కాదా?"

"కాదు. ఏం?"

"మీరిక్కడే కూర్చుని ఏదో ఇంజను విప్పుకుంటున్నారు. నేను మీ వెనకాల నిలబడి ఒక మాట అడిగాను. మీరు తల కూడా ఎత్తలేదు. విని ఊరుకున్నారనుకున్నాను."

"ఏమడిగావ్?"

ఆవిడ లేచి వచ్చి అతని ఎదురుగా నిలబడింది.

"రొమ్ములో గట్టిగా ఏదో తగులుతోంది, ముక్క తీసి పరీక్షకి పంపాలంటున్నారు, రేపు ఆసుపత్రికి నాతో వస్తారా అని అడిగాను."

బామ్మర్ది తలుపు దగ్గర అలాగే నిలబడిపోయాడు. డాక్టరు వాడి వైపు చూశాడు.

"మరి... ఎవరు తీసుకెళ్లారు?"

"ఎవరు తీసుకెళ్తారు? వీడికి చెప్తే ఊరంతా తెలుస్తుంది. ఒక్కదాన్నే వెళ్లాను. ఏమీ లేదన్నారు లెండి. ఆ మాట చెప్పడానికి వాళ్లకి పది రోజులు పట్టింది."

"ఆ పది రోజులూ..." అన్నాడు. ఆ పది రోజులూ ఆవిడ ఈ ముందు గదిలోనే కూర్చుని బెల్టులు అమ్మింది. తను ఇక్కడే, అయిదడుగుల దూరంలో, స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకుని కళ్లు మూసుకుని నాటకం ఆడాడు.

ఆవిడ పెదాలు వణికాయి. ఏదో అంది, అతనికి అందలేదు.

"ఏమన్నావ్?" అన్నాడు. రెండేళ్లలో ఆ ప్రశ్న అతను ఎవరినీ అడగలేదు.

ఆవిడ అతని గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. వీధిలోకి వినబడేంత గట్టిగా అంది.

"భయమేసిందండీ. చాలా భయమేసింది."